లాట్ రిపోర్టుకు నాలుగు నిమిషాలు పడుతోంది, మైఎస్‌క్యూఎల్ మార్చేయాలా?

నల్లపాడు_నాని
గుంటూరులో ఒకే యాజమాన్యం కింద ఉన్న ఆరు కోల్డ్ స్టోరేజీలకి సాఫ్ట్‌వేర్ చూస్తుంటా. 2016లో ఎవరో రాసిచ్చి వెళ్లారు. ముందు స్క్రీన్లు పీహెచ్‌పీలో, వెనక డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. రైతు టిక్కీలు (బస్తాలు) దింపగానే ఒక లాట్ నంబరు పడుద్ది. తర్వాత అందులోంచి టిక్కీలు బయటికి వెళ్లినప్పుడల్లా కదలికల టేబుల్లో ఒక రో పడుద్ది. ఇప్పటికి లాట్లు లక్షా అరవై వేలు, కదలికలు 12 లక్షలు అయినయ్. ఒక స్టోరేజీకి ఈ సీజన్లో "ఏ లాట్లో ఎన్ని టిక్కీలు మిగిలాయి" అని రిపోర్టు నొక్కితే నాలుగు నిమిషాలు. మార్చిలో కౌంటర్ ముందు రైతులు వరసగా నిలబడి ఉంటారు, బయట లారీ ఇంజను ఆపకుండా ఉంటది, ఇక్కడ తెల్ల స్క్రీను తిరుగుతానే ఉంటది. వాళ్ల మొహం చూడలేకపోతున్నా. ఓనర్ గారేమో "ఫ్రీగా వచ్చింది కాబట్టే అట్టా ఉంది, డబ్బులు పెట్టి మంచిది కొందాం" అంటున్నారు. తెలిసినాయన ఒకరు పోస్ట్‌గ్రెస్ అని ఇంకో ఫ్రీ డేటాబేస్ ఉంది, దానికి మార్చెయ్యమన్నాడు. ఏది చెయ్యమంటారు?

తెనాలి_తులసి
కొనే ముందు, మార్చే ముందు ఆ రిపోర్టు క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెట్టి చూడండి, డేటాబేస్ దాన్ని ఎలా నడిపిందో అది చెప్తుంది. ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఎవరూ ఏం చెప్పలేరు.

కృష్ణలంక_కుర్రాడు
పోస్ట్‌గ్రెస్‌కి మార్చెయ్ అన్నా. 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైంది, ఇప్పటికీ ఏ కంపెనీ చేతిలోనూ లేదు. మైఎస్‌క్యూఎల్‌ని 2008లో సన్ అనే కంపెనీ కొంది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొంది. ఎవరో కొనేదాని మీద మన డేటా ఎందుకు?

ఆటోనగర్_అన్వర్
తమ్ముడూ, ఆవేశం అర్థమైంది కానీ నేను ఆ పని చేసినోణ్ని. విజయవాడ ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపుల బిల్లింగ్ మొత్తం మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మార్చా. డేటా తరలించడం ఒక్క రాత్రి పని. పీజీలోడర్ అని మంచి టూల్ ఉంది, సున్నా నెల సున్నా తారీఖు అని ఉన్న దొంగ తేదీలని కూడా అదే నల్ (ఖాళీ) చేసేస్తుంది. అసలు తిప్పలు మర్నాడు మొదలైనయ్. మైఎస్‌క్యూఎల్ మామూలుగా పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడదు. పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. కౌంటర్లో కుర్రాడు ఇంగ్లీషులో టాటా అని చిన్న అక్షరాలతో కొడితే ఒక్క పార్టు కూడా రాలేదు. షాపంతా స్టాక్ లేదని చెప్పి పంపేశారు, పార్టేమో వెనక ర్యాక్‌లోనే ఉంది. ఇలాంటివి ఏరడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు హాయిగా ఉన్నా, అది వేరే సంగతి. కానీ ఒక రిపోర్టు లేటని ఆ పని చెయ్యొద్దు, సీజన్లో అసలే వద్దు.

నల్లపాడు_నాని
తులసి గారూ, ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ కొడితే సింటాక్స్ తప్పంటోంది. వెర్షన్ చూస్తే 5.7 అని ఉంది.

బెజవాడ_డీబీఏ
అది 8.0.18 నుంచి వచ్చింది, మీ దాంట్లో ఉండదు. ఎనలైజ్ లేకుండా ఉత్త ఎక్స్‌ప్లెయిన్ చాలు. వచ్చినదాంట్లో టైప్, కీ, రోస్, ఎక్స్‌ట్రా అనే నాలుగు కాలమ్స్ చూసి ఇక్కడ పెట్టండి. రెండు టేబుళ్ల నిర్మాణం కూడా. 5.7కి సపోర్టు 2023 అక్టోబరుతోనే అయిపోయింది, ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం.

గోంగూర_కోడర్
పనిలో పనిగా ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ టేబుళ్లు దాచే ఇంజను) బఫర్ పూల్ సైజ్, అంటే డేటా పెట్టుకోవడానికి అది వాడే ర్యామ్, ఎంతుందో చూడు నానీ. ఎవరూ ముట్టుకోకపోతే 128 ఎంబీ ఉంటుంది. 16 జీబీ ర్యామ్ కొనిపెట్టి 128 ఎంబీతో నడిపే సర్వర్లు గుంటూరు మొత్తం ఉన్నయ్. బియ్యం బస్తా ఇంట్లో పెట్టుకుని పిడికెడు వండుకున్నట్టు.

నల్లపాడు_నాని
కరెక్టుగా 128 ఎంబీయే! ర్యామ్ 16 జీబీ.

ఎక్స్‌ప్లెయిన్ ఇదీ. లాట్ల టేబుల్: టైప్ రెఫ్, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వరసలో పేర్చిన జాబితా) వాడుతోంది, రోస్ సుమారు 3 వేలు. కదలికల టేబుల్: టైప్ ఆల్, కీ నల్, రోస్ 12 లక్షలు, ఎక్స్‌ట్రాలో బ్లాక్ నెస్టెడ్ లూప్ అని ఉంది. కదలికల టేబుల్లో లాట్ నంబరు మీద ఇండెక్స్ ఉంది, నేనే రెండుసార్లు చూసా. ఉన్నా ఎందుకు వాడట్లేదో అర్థం కావట్లేదు.

తెనాలి_తులసి
లాట్ నంబరు రెండు టేబుళ్లలో ఒకే రకమా?

నల్లపాడు_నాని
లాట్లలో ఇంట్, అంటే అంకె. కదలికల్లో వార్‌చార్ 20, అంటే అక్షరాలు.

బెజవాడ_డీబీఏ
దొరికింది. తులసి గారు సరైన చోట వేలు పెట్టారు.

నాని గారూ, కాస్త ఓపిగ్గా చదవండి. మీ ఇండెక్స్ వార్‌చార్ మీద ఉంది, అంటే అక్షరాల వరసలో పేర్చి ఉంది. మీరు అడుగుతున్నది అంకె. వార్‌చార్‌లో "12" అని ఉన్నా, ముందు ఖాళీ పెట్టి "12" అని ఉన్నా, "012" అని ఉన్నా అంకెగా మారిస్తే మూడూ 12నే. అక్షరాల వరసలో మాత్రం ఈ మూడూ మూడు చోట్ల ఉంటాయి. కాబట్టి ఒక్క చోటికి వెళ్లి తెచ్చుకోవడం కుదరదు. ప్రతి రో తీసి, అంకెగా మార్చి, పోల్చి చూడాల్సిందే. 3 వేల లాట్లకి 12 లక్షల కదలికలు, అంటే 360 కోట్ల పోలికలు. నాలుగు నిమిషాల్లో ఇచ్చిందంటే ఆ యంత్రాన్ని మెచ్చుకోవాలి. డబ్బులు పెట్టి కొన్న డేటాబేస్ అయినా ఇలా రాసిన టేబుళ్ల మీద ఇలాగే ఇబ్బంది పడుద్ది, ఆ మాట ఓనర్ గారికి చెప్పండి.

మందు: కదలికల టేబుల్లో లాట్ నంబరుని ఇంట్‌గా మార్చడం. ముందు అంకెలు కానివి ఏమన్నా ఉన్నాయేమో వెతకండి, ఉంటే మార్పు ఆగిపోవచ్చు, లేదా మోడ్‌ని బట్టి విలువలే పాడవ్వొచ్చు. కాలమ్ రకం మార్చేటప్పుడు మైఎస్‌క్యూఎల్ టేబుల్ మొత్తం కాపీ చేస్తుంది, అంతసేపూ ఎవరూ రాయలేరు. 12 లక్షలంటే ఎక్కువసేపు పట్టదు కానీ రాత్రి కౌంటర్ మూశాకే చెయ్యండి.

కృష్ణలంక_కుర్రాడు
ఇదే పోస్ట్‌గ్రెస్ అయితే ఇంట్‌నీ వార్‌చార్‌నీ పోల్చమంటే మొదటి రోజే ఎర్రర్ ఇచ్చి ఒప్పుకునేది కాదు. తొమ్మిదేళ్లు దాగి ఉండేది కాదు.

బెజవాడ_డీబీఏ
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి కూడా నేనే కలుపుతా. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మార్పుని కూడా ట్రాన్సాక్షన్‌లో పెట్టి, నచ్చకపోతే రోల్‌బ్యాక్ కొట్టొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ (టేబుల్ మార్చే ఆదేశం) కొట్టగానే కమిట్ అయిపోద్ది, వెనక్కి లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనూ పోస్ట్‌గ్రెసే చెప్తా.

లక్ష్మీపురం_లత
టేబుల్ ముట్టుకుంటున్నారు కాబట్టి అడుగుతున్నా, బరువులూ డబ్బులూ ఏ రకంలో పెట్టారు? ఫ్లోట్ (సుమారు విలువ దాచే రకం) అయితే దయచేసి ఇప్పుడే మార్చండి. నేను చార్టెడ్ అకౌంటెంట్ దగ్గర పనిచేస్తా. ఒక మిర్చి కమీషన్ షాపు లెక్కల్లో పట్టీలన్నీ కూడితే ఒక మొత్తం, టోటల్ కాలమ్‌లో ఇంకో మొత్తం. మూడు రోజులు గుమాస్తాని అనుమానించారు. పాపం ఆయన రాత్రిళ్లు కూర్చుని చేత్తో కూడాడు. చివరికి తేలిందేంటంటే టోటల్ కాలమ్ ఫ్లోట్. ఫ్లోట్‌కి ఏడంకెల దాకానే నమ్మకం. 1,67,77,217 రూపాయలు పెడితే 1,67,77,216 అని గుర్తుపెట్టుకుంటుంది. ఒక్క రూపాయే కదా అనుకోవద్దు, ఆ రూపాయి కోసం ఒక మనిషి మీద నింద పడింది. డబ్బుకీ కాటా బరువుకీ, ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ తప్ప వేరేది వాడొద్దు.

గోంగూర_కోడర్
లత గారి పోస్టు ప్రింటు తీసి గోడకి అంటించాలి.

నల్లపాడు_నాని
బరువులు ఫ్లోట్‌లోనే ఉన్నయ్ లత గారూ. జాబితాలో రాసుకున్నా.

ఆటోనగర్_అన్వర్
రైతుల పేర్లు తెలుగులోనా ఇంగ్లీషులోనా నానీ? 5.7లో ఏమీ చెప్పకపోతే లాటిన్1 అనే ఇంగ్లీషు, యూరప్ అక్షరాల పద్ధతి పడుద్ది.

నల్లపాడు_నాని
తెలుగులోనే. సాఫ్ట్‌వేర్‌లో బాగానే కనపడతయ్ అన్నా. హైడీఎస్‌క్యూఎల్ అనే టూల్లో డేటాబేస్ నేరుగా తెరిస్తే మాత్రం ఇంగ్లీషు "ఎ" నెత్తిన గీత, పక్కన చిన్న సున్నా, మళ్లీ అదే, అట్టా బారుగా వస్తయ్. పాడైపోయినయ్యేమో అని అడగడానికి కూడా భయమేసింది.

ఆటోనగర్_అన్వర్
పాడవలేదు, ఊపిరి పీల్చుకో. అన్ని భాషలకీ పనికొచ్చే యూటీఎఫ్8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. ఆ మూడిట్లో మొదటిది తెలుగు మొత్తానికీ ఒకటే. దాన్ని లాటిన్1 కళ్లతో చూస్తే ఆ గీత ఉన్న "ఎ" కనపడుద్ది. రెండో బైటు సున్నాలానో, కూడికా తీసివేతా కలిపిన గుర్తులానో వస్తుంది. అంటే లోపల బైట్లు సరైనవే, చీటీ మాత్రం తప్పు అంటించారు. ఆ కాలమ్‌ని నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కి మార్చావా, అప్పుడు నిజంగానే పాడైపోద్ది, ఆ గీతల "ఎ"లనే భద్రంగా కాపాడుద్ది. ముందు బ్లాబ్‌గా (ఉత్త బైట్లుగా) మార్చు, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4గా మార్చు. అదే రోజు పీహెచ్‌పీ కనెక్షన్‌లో కూడా క్యారెక్టర్ సెట్ మార్చాలి. టేబుల్ కాపీ చేసుకుని కాపీ మీద ముందు చూసుకో.

మంగళగిరి_మధు
ఎంబీ4 ఎందుకు, తెలుగుకి మూడు బైట్లు చాలుగా? మామూలు యూటీఎఫ్8 సరిపోతుంది.

ఆటోనగర్_అన్వర్
తెలుగుకి సరిపోతుంది మధూ. కానీ రైతు కొడుకు పేరు పక్కన ఎమోజీ పెట్టాడనుకో, దానికి నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అంటే మూడు బైట్లదే. 8.0 నుంచి ఎంబీ4నే మామూలు చేశారు.

మంగళగిరి_మధు
సరే. ఇంకో చిక్కు నాది. "కిషోర్‌బాబు" అని వెతికితే ఒక్కోసారి దొరుకుతున్నాడు, ఒక్కోసారి లేడు. మాది పోస్ట్‌గ్రెస్.

తెనాలి_తులసి
పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది మధు గారూ, ర్ కీ బా కీ మధ్య అతుక్కోకుండా ఆపేది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. పోస్ట్‌గ్రెస్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. సేవ్ చేసేటప్పుడే ఆ అక్షరం తీసేసిన రూపాన్ని ఇంకో కాలమ్‌లో పెట్టుకుని, దాని మీద వెతకండి. పేరు చూపించేటప్పుడు మాత్రం అసలు రూపమే చూపించండి, లేకపోతే "కిషోర్బాబు" అని వత్తు పడి కనపడి ఆయన బాధపడతాడు.

నాని గారూ, ఆల్టర్లు కొట్టేముందు రెండు మాటలు. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌ని సేఫ్ అప్‌డేట్స్ ఆప్షన్‌తో తెరవండి, కీ మీద వేర్ గానీ, లిమిట్ గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లని ఒప్పుకోదు. దానికి ఇంకో పేరు "ఐ యామ్ ఎ డమ్మీ", నిజంగానే డాక్యుమెంట్లలో ఉంది, నేను రోజూ ఆ పేరుతోనే తెరుస్తా. రెండోది, బ్యాకప్ ఉందా?

నల్లపాడు_నాని
ఉందండీ. రోజూ రాత్రి రెండింటికి క్రాన్‌లో (టైముకి పని నడిపేది) మైఎస్‌క్యూఎల్‌డంప్ నడిచి డేటా అంతా ఫైలుకెక్కి, జీజిప్‌తో కుదించి, ఏడు రోజులవి ఉంటయ్. పాతవాళ్లే పెట్టి వెళ్లారు.

సింగ్‌నగర్_సుధ
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా, ఇక్కడ ఆగలేకపోయా. నాని గారూ, ఆ ఏడు ఫైళ్లలో ఒకటి తెరిచి ఎప్పుడన్నా చూశారా? అవి ఏ మెషీన్‌లో ఉన్నాయి?

2024 సెప్టెంబరు మొదటి తారీఖున బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్‌నగర్ మీదకి వచ్చింది. మా హోల్‌సేల్ మందుల షాపు గ్రౌండ్ ఫ్లోర్. పొద్దున మోకాళ్ల దాకా అన్నారు, కాసేపటికే షట్టర్ కనపడలేదు. సర్వర్ కింద ఉంది. బ్యాకప్ హార్డ్ డిస్క్ దాని నెత్తినే పెట్టి ఉంది. ఎంత శ్రద్ధగా తీసేవాళ్లమో చెప్పలేను, ఒక్క రోజు కూడా మానలేదు. రెండూ కలిసి బురదలో దొరికాయి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో మాకు తెలీదు. కొందరు రిటైల్ వాళ్లు వాళ్ల బిల్లులు వాళ్లే తీసుకొచ్చి చూపించి కట్టారు, వాళ్లకి జన్మంతా రుణపడి ఉంటా. అందరూ రాలేదు.

ఇప్పుడు డంప్‌ని జీపీజీతో తాళం వేసి ఆర్‌క్లోన్‌తో క్లౌడ్‌కి పంపుతున్నా. ఇంకో కాపీ హనుమాన్ జంక్షన్లో మా అన్నయ్య ఇంట్లో.

బెజవాడ_డీబీఏ
సుధ గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది.

నానీ, ఆల్టర్ ఆపండి. ముందు సుధ గారు అడిగింది చూడండి. మైఎస్‌క్యూఎల్‌డంప్ సరిగ్గా పూర్తయితే ఫైలు ఆఖరి లైన్‌లో "డంప్ కంప్లీటెడ్" అని, తేదీతో రాస్తుంది. ఆ లైన్ ఉందా?

నల్లపాడు_నాని
లేదు.

ఏడు ఫైళ్లూ చూసా. ఒక్కోటి కిలోబైట్ కూడా లేదు. మొదట్లో పది లైన్ల కామెంట్లూ సెట్టింగులూ, అంతే. చేతులు వణుకుతున్నయ్. తొమ్మిదేళ్ల లెక్కలు ఈ ఒక్క డిస్క్ మీదే ఉన్నయ్యన్నమాట.

గోంగూర_కోడర్
కంగారు పడకు, డేటా ఇప్పుడు బాగానే ఉంది కదా. డంప్‌ని చేత్తో నడిపి, ఏం ఎర్రర్ వస్తుందో పెట్టు. ఆలోపు ఎవర్నీ ఆ మెషీన్ ముట్టుకోనివ్వకు.

నల్లపాడు_నాని
"డిఫైనర్‌గా చెప్పిన యూజర్ లేడు" అని 1449 ఎర్రర్. లాక్ టేబుల్స్ దగ్గర.

బెజవాడ_డీబీఏ
ఎవరి పేరు మీదో ఒక వ్యూ (పేరు పెట్టి దాచిన క్వెరీ) తయారుచేశారు, ఆ డేటాబేస్ యూజర్‌ని తర్వాత తీసేశారు. అవునా?

నల్లపాడు_నాని
అవును సర్. పాత అకౌంటెంట్ మానేసినప్పుడు ఆయన లాగిన్ నేనే తీసేశా. ఏడాది దాటింది.

బెజవాడ_డీబీఏ
లాగిన్ తీయడం మంచి పనే, అందులో మీ తప్పు లేదు. డంప్ మొదట అన్ని టేబుళ్లనీ వ్యూలనీ లాక్ చెయ్యబోయింది, ఆ ఒక్క వ్యూ దగ్గర ఆగి చచ్చిపోయింది. మరి ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదంటే, డంప్ ఇచ్చినదాన్ని పైపులో జీజిప్‌కి పంపారు. పైపులో ఆఖరున ఉన్నవాడి జవాబునే షెల్ వింటుంది. జీజిప్ తనకొచ్చిన పది లైన్లనీ చక్కగా నొక్కి "అంతా బాగుంది" అని చెప్పింది. స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్‌తో పాటు ఎర్రర్ వస్తే ఆగమనే "సెట్ -ఇ" కూడా పెడితే డంప్ చచ్చినప్పుడు స్క్రిప్టు కూడా ఆగుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది: ఆ వ్యూని ఉన్న యూజర్ పేరు మీద మళ్లీ తయారుచెయ్యండి. డంప్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇవ్వండి, టేబుళ్లు ఇన్నోడీబీ అయితే కౌంటర్ ఆపకుండానే ఒకే క్షణపు చిత్రం వస్తుంది. రొటీన్స్ ఆప్షన్ కూడా ఇవ్వండి, లేకపోతే స్టోర్డ్ ప్రొసీజర్లు రావు.

కృష్ణలంక_కుర్రాడు
నాని అన్నా, నువ్వొక్కడివే కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచే కంపెనీలో ఒక ఇంజనీరు రాత్రిపూట రెండో సర్వర్ అనుకుని మెయిన్ సర్వర్ డేటా ఫోల్డర్ తుడిచేశాడు. పోస్ట్‌గ్రెసే అది, నేనే చెప్తున్నా. బ్యాకప్ పద్ధతులు ఐదు ఉన్నా ఏదీ అక్కరకి రాలేదు. పోస్ట్‌గ్రెస్ డంప్ టూల్ పీజీడంప్ పాత 9.2, సర్వర్ 9.6, అందుకని డంప్ ప్రతిసారీ విఫలమయ్యేది. విఫలమైందని పంపిన మెయిళ్లు కూడా చేరలేదు. అదృష్టం కొద్దీ అంతకు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉంది కాబట్టి బతికారు. దాచకుండా మొత్తం రాసి బయటపెట్టారు, అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

తెనాలి_తులసి
ఈ కుర్రాడి మీద గౌరవం పెరిగింది.

లక్ష్మీపురం_లత
నాని గారూ, డంప్ వచ్చాక ఇంకో మెషీన్‌లో ఎక్కించి లెక్క సరిచూడండి. రోస్ లెక్క ఒక్కటే కాదు, మొత్తం టిక్కీలు కూడి రెండుచోట్లా పోల్చండి. పుస్తకాలు మేం అలాగే టాలీ చేస్తాం.

నల్లపాడు_నాని
నిన్న రాత్రి పన్నెండున్నరకి పూర్తి డంప్ వచ్చింది. ఆఖరి లైన్ ఉంది, ఫోటో తీసుకుని మా ఆవిడకి చూపించా, ఆమెకి ఏం అర్థం కాకపోయినా నా మొహం చూసి కాఫీ పెట్టింది. పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, లత గారు చెప్పినట్టే ఆరు స్టోరేజీల టిక్కీలు కూడి చూసా. ఆరూ కలిసినయ్. ఒక కాపీ అరండల్‌పేటలో ఓనర్ గారింటికి చేర్చా.

తర్వాతే ఆల్టర్ కొట్టా. ముందు వెతికితే అంకె కానివి 14 దొరికినయ్, అన్నీ నంబరు చివర చుక్క పడినవే. దిద్దా. లాట్ నంబరు ఇంట్ అయింది, బరువులు డెసిమల్ అయినయ్, బఫర్ పూల్ 8 జీబీ పెట్టా.

రిపోర్టు నొక్కితే ఒక్క సెకను కూడా పట్టట్లేదు. మొదటిసారి ఏమీ రాలేదేమో అనుకుని మళ్లీ నొక్కా.

ఆటోనగర్_అన్వర్
శెభాష్! తెలుగు పేర్ల సంగతి?

నల్లపాడు_నాని
ల్యాప్‌టాప్ కాపీ మీద చూసా అన్నా, బ్లాబ్ చేసి మారిస్తే పేర్లన్నీ నిగనిగలాడుతున్నయ్. అసలుదాంట్లో సీజన్ అయ్యాక చేస్తా. ఓనర్ గారు అడుగుతున్నారు, ఇది వ్యాపారానికి వాడుకుంటే డబ్బులు కట్టాలా అని.

గోంగూర_కోడర్
మీ సంస్థలో మీరు నడుపుకోవడానికి కమ్యూనిటీ ఎడిషన్‌కి పైసా అక్కర్లేదు. జీపీఎల్ లైసెన్సు. డేటాబేస్ కొంటానన్న డబ్బుతో రెండో డిస్కూ, మంచి యూపీఎస్సూ కొనిపించు. మన కరెంటు సంగతి తెలుసుగా.

బెజవాడ_డీబీఏ
ఇక మిగిలింది 5.7. నేరుగా 8.4కి దూకలేరు, మధ్యలో 8.0 ఎక్కాలి. మైఎస్‌క్యూఎల్ షెల్‌లో అప్‌గ్రేడ్ చెకర్ ఉంది, ఏమేం అడ్డొస్తాయో ముందే చెప్తుంది. 8.0 ఎక్కాక 5.7కి దిగడం లేదు, కాబట్టి ఆ ల్యాప్‌టాప్ కాపీ మీద ముందు పూర్తిగా చేసి, రిపోర్టులన్నీ తిప్పి చూడండి.

కృష్ణలంక_కుర్రాడు
అన్నా, వచ్చే ఆదివారం నేను గుంటూరు వస్తున్నా. ల్యాప్‌టాప్ కాపీ మీద 8.0 నేను ఎక్కిస్తా, నువ్వు పక్కన కూర్చో. పోస్ట్‌గ్రెస్ మాట ఎత్తను.

నల్లపాడు_నాని
రా తమ్ముడూ. నల్లపాడు గేటు దగ్గరకొచ్చి ఫోన్ చెయ్. పోస్ట్‌గ్రెస్ మాట కూడా ఎత్తు, మధ్యాహ్నం భోజనం దగ్గర వింటా.